మూడోసారి అడిగితేనే

"గుడ్డు తింటావా?" అంది డింఫ్నా.

"వద్దు," అన్నాడు ఆమె భర్త మాలకీ.

డింఫ్నా గుడ్డు పగలగొట్టి పెనం మీద వేసింది. "నిజంగానే వద్దా?"

"నా కోసం శ్రమపడకు."

రెండో గుడ్డు కూడా వేసింది. "తినకపోతే కుక్కకి పెడతాను."

"కుక్కకెందుకులే, దండగ. ఇలా తే," అంటూ మాలకీ కుర్చీ లాక్కున్నాడు.

మేయో కౌంటీలోని క్లూన్‌డరా అనే ఆ పల్లెలో వద్దు అంటే వడ్డించు అని అర్థం. మొదటి వద్దు మర్యాదకి. రెండో వద్దు, మొదటి మర్యాదకి మర్యాద. మూడోసారి అడిగాకే కడుపు కాలుతున్నవాడు కూడా "సరే, ఒక్క చుక్క" అంటాడు. ఆ ఒక్క చుక్క కప్పు అంచు దాకా వస్తుంది. మొదటిసారికే సరే అన్నవాడు ఆబగాడు. మూడోసారి అడగనివాడు పిసినారి. ఈ రెండు పేర్లూ రాకుండా బతికి, నలుగురి భుజాల మీద శ్మశానానికి చేరడమే అక్కడ మనిషి సాధించే ఘనకార్యం. మొహం ఒకటి చెబుతుంది, మాట ఇంకొకటి చెబుతుంది, రెండూ అతుక్కున్నచోట మొహమాటం పుడుతుంది. ఆ పంట క్లూన్‌డరా నేలలో బంగాళాదుంపకన్నా బాగా పండుతుంది.

ఆ పంట కోసీ కోసీ డింఫ్నా చేతులు కాయలు కాశాయి. ఓపిక మాత్రం పండలేదు, ఎండింది.

ఆ రోజు వాళ్లింట్లో స్టేషన్. రైలు ఆగని, పోలీసు కూర్చోని స్టేషన్ అది. పల్లెలో ఇల్లిల్లూ వంతు వేసుకుంటారు. వంతు వచ్చిన ఇంటికి ఫాదర్ వచ్చి, వంటింటి బల్ల మీదే పూజ జరిపి, ఇరుగుపొరుగుతో కలిసి ఫలహారం చేసి వెళతాడు. వంతు వచ్చిన ఇల్లు ఎంత ముసలిదైనా మళ్లీ పెళ్లికూతురవుతుంది. మాలకీ గోడలకి రంగు వేశాడు, గేటుకి వేశాడు, పశువుల పాక తలుపుకి వేశాడు, చివరికి కోళ్లగూటి వెనక కూడా వేశాడు.

"ఫాదర్ కోళ్లగూటి వెనక్కి వెళ్లి చూస్తాడా?" అని డింఫ్నా అడిగితే, "ప్యాకీ చూస్తాడు" అన్నాడు. ప్యాకీ పక్కపొలం ఆసామి. చూస్తాడు కూడా.

రంగు పూర్తయింది. ఇక రంగం మీదికి మనుషులు రావాలి.

"అమ్మాయీ అల్లుడూ బయలుదేరారట," అన్నాడు మాలకీ రొట్టెముక్కతో పళ్లెం తుడుస్తూ.

"ఎలా ఉన్నారట?"

"బాగానే ఉన్నారట."

"బాగానే ఉన్నారట, బాగానే ఉన్నారట," అంది డింఫ్నా. "ఈ ఊళ్లో శవపేటికలో పడుకున్నవాణ్ని పలకరించినా, బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావంటాడు. మాలకీ, ఇవాళైనా దాన్ని అడుగు."

"ఏమని?"

"ఏమనో నీకు తెలుసు. బావి చేను."

"అడిగాను కదా."

"ఏడేళ్ల కిందట. బంగాళాదుంపల గిన్నె అందిస్తూ."

"వద్దంది."

"అనదూ మరి? గిన్నె వదిలేసి గంతులేస్తుందా? ఇప్పుడు నువ్వు గుడ్డు వద్దన్నావు. రెండు తిన్నావు."

"గుడ్డు వేరు, చేను వేరు," అని మాలకీ లేచి టోపీ వెతుక్కున్నాడు.

పేరులో కీ ఉంది గానీ, ఎంత కీ ఇచ్చినా కదలని గడియారం ఆ మనిషి. మాట అక్కర్లేని పనంటే మాత్రం ప్రాణం. ఆ వంటింటి బల్ల ఆయన చేసిందే. అందరి బల్లల్లా నాలుగు పలకలు కొట్టి వదల్లేదు. అడుగున చెక్కలన్నీ ఒకదాని మీద ఒకటి వంపు తిప్పి, ఎవరి కంటా పడని చోట అంత నగిషీ ఎందుకో చెప్పకుండా చేశాడు. డింఫ్నా ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ ఆ బల్ల మీద పరిచి, కొవ్వొత్తులు నిలబెట్టి, కిటికీలోంచి చూసింది.

బావి చేను ఎదురుగా ఉంది. మూలన పాత బావి, నడుమ కంటికి కనబడనివాళ్లు కాపురముంటారన్న భయంతో ఎవరూ కొట్టని ఒంటరి ముళ్లచెట్టు. గ్రాన్యా వాళ్ల ఒక్కగానొక్క కూతురు. గాల్వేలో పంతులమ్మ, అక్కడే భర్తతో అద్దె ఇంట్లో ఉంటుంది. ఇంటికొచ్చినప్పుడల్లా కాళ్లు సాగదీసుకొస్తానంటూ ఆ చేలోకి పోయి, ఎప్పుడూ ఒకే చోట నిలబడుతుంది. అక్కణ్నుంచి బావీ కనబడుతుంది, కొండా కనబడుతుంది. అక్కడ ఇల్లు కడితే వంటింటి కిటికీ ఎక్కడ పెట్టాలో చూసుకుంటోందని డింఫ్నాకి తెలుసు. మాలకీ కూడా ఏడేళ్లుగా ఆ చేలోకి పశువుల్ని తోలలేదు. అడిగితే "గడ్డి బాగుండదు" అంటాడు. మోకాలెత్తు గడ్డి అక్కడ గాలికి ఊగుతూ ఉంటుంది.

"నీకు కావాలని నాన్నతో చెప్పవే," అంటే కూతురు, "ఇచ్చే ఉద్దేశముంటే ఆయనే మళ్లీ అడుగుతాడు. ఒక్కసారే అడిగాడమ్మా" అంటుంది. "మళ్లీ అడగవయ్యా," అంటే మొగుడు, "కావాలంటే అదే చెబుతుంది" అంటాడు. ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసి మోసి డింఫ్నా భుజాలు పడిపోయాయి. బరువు మోస్తే దించుకోవచ్చు. శూన్యాన్ని మోస్తే ఎక్కడ దించాలి?

గ్రాన్యా వాళ్ల కారు ఆగింది. తుంపర పడుతోంది. తుంపర రోజుని అక్కడ మెత్తటి రోజంటారు.

"మెత్తటి రోజు," అంది గ్రాన్యా లోపలికొస్తూ.

"మెత్తటి రోజే," అన్నాడు మాలకీ. తండ్రీకూతుళ్ల సంభాషణ అంతటితో సంపూర్ణం.

వెనకాలే అల్లుడు ఫింటన్ వచ్చాడు. డబ్లిన్‌లో పుట్టి పెరిగినవాడు. అత్తగారిని పేరు పెట్టి పిలవాలో మరోలా పిలవాలో పెళ్లినాటి నుంచీ తేలక, ఏ మాటైనా "అదీ" అని మొదలుపెడతాడు. వాడితో ఇంకో చిక్కుంది. మొదటిసారి అడగ్గానే "తింటానండి" అంటాడు. తొలిసారి ఆ ఇంటికొచ్చినప్పుడు అలా అంటే, మాలకీ నెల్లాళ్లపాటు "కుర్రాడు ఆకలి మీద ఉన్నాడు పాపం" అని చెప్పుకున్నాడు.

"అదీ, ఇల్లు చాలా బాగుంది," అన్నాడు ఫింటన్.

"ఏదోలే, రెండు పూతలు పూశాం," అంది డింఫ్నా, పనిచేసీ చేసీ పట్టేసిన మెడ తిప్పుతూ. కూతురి కళ్ల కింద నల్లచారలు చూసింది. "ఎలా ఉన్నారే?"

"బాగానే ఉన్నాం."

డింఫ్నా చేతిలోని తువ్వాలు అయిదు నిమిషాల కిందటే ఆరిపోయింది. అయినా పిండుతూనే ఉంది.

ఫాదర్ లోఫ్టస్ వచ్చాడు. ఇరుగుపొరుగూ వచ్చారు. కోళ్లగూటి వైపునుంచి ప్యాకీ వచ్చాడు. పూజ చక్కగా జరిగింది. తర్వాత ఫాదర్ వస్తే తప్ప తెరవని పెద్దగది తెరిచి, ఫాదర్ వస్తే తప్ప దించని పింగాణీ కప్పులు దించారు. పంది మాంసం ముక్కలు, సాసేజీలు, సోడా రొట్టె, వెన్న, ఎండుద్రాక్ష కేకు బల్ల నిండా పరుచుకున్నాయి. డింఫ్నా టీకుండ పట్టుకుని తిరుగుతోంది. అక్కడ అది టీ కాదు, పోటీ. పోసేవాళ్లకీ వద్దనేవాళ్లకీ మధ్య.

"ఇంకో కప్పు, ఫాదర్?"

"వద్దమ్మా, చాలు."

"సగం కప్పు?"

"అబ్బే, నిజంగానే చాలు," అని ఫాదర్ ఖాళీ కప్పుని అందుబాటులోకి జరిపి పెట్టాడు.

డింఫ్నా మూడోసారికి నోరు తెరవబోతుంటే ప్యాకీ అందుకున్నాడు.

"మాలకీ, సోమవారం తవ్వే యంత్రం వస్తోంది. ఆ ముళ్లచెట్టు జోలికి మాత్రం పోవద్దని డ్రైవరుకి చెప్పాను. మనకెందుకొచ్చిన గొడవ, దాని నీడలో ఎవరుంటారో ఏమో."

"ఏ ముళ్లచెట్టు?" అంది డింఫ్నా.

"బావి చేలోది. దాని చుట్టూతా స్ప్రూస్ మొక్కలు పెట్టేస్తున్నాం కదా. సంతలో బేరం కుదిరి ఇద్దరం చేతులు కలుపుకున్నాం. మాలకీ చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి డింఫ్నా మొహం చెప్పింది. గ్రాన్యాకి టీ పొలమారింది. పొలం చేతులు మారితే పొలమారదా మరి. ఫింటన్ ఆమె వీపు తట్టాడు. స్ప్రూస్ అంటే కలపకి పెంచే చెట్టు, ఒక ఏడాది వేసి తీసేసే పంట కాదు. నలభై ఏళ్లు నిలబడుతుంది, ఆ నీడలో గడ్డి కూడా మొలవదు. ఇల్లెలా మొలుస్తుంది?

గ్రాన్యా దగ్గు ఆపుకుని, పెదాలు తుడుచుకుంది. "మంచిది, ప్యాకీ. చాలా మంచి పని. మొక్కలు ఎంత మంచివో."

"నీకేం అభ్యంతరం లేదు కదమ్మా?" అన్నాడు ప్యాకీ.

"నాకెందుకుంటుంది? బాగానే ఉంటుంది," అని గ్రాన్యా లేచి, ఇంకా తినేవాళ్ల చేతుల కిందనుంచి పళ్లేలు లాగి పోగుచేయడం మొదలుపెట్టింది. పింగాణీ ఒకదాన్నొకటి కొరుక్కుంటున్న చప్పుడు వచ్చింది.

డింఫ్నా మొగుడికేసి చూసింది. "మాలకీ, పై అలమారాలోంచి జామ్ సీసా అందడం లేదు, ఒక్కసారి వస్తావా?"

జామ్ సీసా ఫాదర్ మోచేతి దగ్గరే ఉంది. అందరూ దాన్ని చూశారు. మాలకీ కూడా చూసి, లేచి వెళ్లాడు.

వంటింటి వెనక చిన్న గది తలుపు మూసుకుంది. ఆ తలుపు మందం అందరికీ తెలుసు. వినకుండా ఉండటం ఆ ఊరి మర్యాద కాబట్టి ప్యాకీ గొంతు పెంచాడు. "ఈ ఏడు వాన ముందే వచ్చేసింది, ఫాదర్."

"ఎప్పుడు చేశావీ పని?" అంది లోపల్నుంచి డింఫ్నా.

"ముందే వచ్చింది," అన్నాడు ఫాదర్ అంతకన్నా గట్టిగా. "పోయినేడు ఇంత లేదు."

"నా మోకాళ్లు అయిపోయాయి డింఫ్నా. ఆ చేను ఎన్నాళ్లు చూసుకోను? పిల్లకి వద్దు. ప్యాకీ అడిగాడు."

"అడిగితే ఇచ్చేస్తావా?"

"మొదట వద్దనే అన్నాను."

"మరి?"

"మూడుసార్లు అడిగాడు."

పెద్దగదిలో ప్యాకీ చెవులు ఎర్రబడ్డాయి. "బురదనేల కూడా ఆరలేదు," అన్నాడు నీరసంగా. "పొయ్యిలోకి టర్ఫ్ పెళ్లలు తవ్వడానికి లేదు."

"ప్యాకీ మూడుసార్లు అడిగితే పొలం పోయింది," డింఫ్నా గొంతు ఇక తలుపునీ, వాననీ, ఎవర్నీ లెక్కచేయలేదు. "నువ్వు నీ కూతుర్ని మూడుసార్లు అడిగి ఉంటే ఇల్లు లేచి ఉండేది. మీ ఇద్దరి నోళ్ల మధ్య నేను నలిగి చస్తున్నాను. నాకు చేతకాదింక."

తలుపు తెరుచుకుంది. డింఫ్నా పెద్దగదిలోకి వచ్చింది. చేతిలో టీకుండ ఇంకా అలాగే ఉంది. ఆ పల్లెలో పెళ్లాడతావా అన్న ప్రశ్న కూడా గేటు బాగుచేయడం గురించి మాట్లాడుతూ అడుగుతారు. అలాంటి చోట ఆమె కూతురి ఎదురుగా నిలబడి, నలుగురి ముందూ, ఫాదర్ ముందూ, మాటకి చొక్కా తొడక్కుండా అడిగేసింది.

"గ్రాన్యా, నీకు బావి చేను కావాలా, వద్దా?"

ఎవరో ఫోర్కు కింద పెట్టారు. ఫాదర్ లోఫ్టస్ గోడమీది కొత్త రంగుని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు.

"అమ్మా, ఇప్పుడా," అంది గ్రాన్యా.

"ఇప్పుడే. కావాలా, వద్దా?"

"మేం బాగానే ఉన్నాం."

"లేం," అన్నాడు ఫింటన్.

అందరూ వాడివైపు తిరిగారు. వాడి మొహం కందగడ్డలా అయింది. "అదీ," అన్నాడు, "మేం బాగా లేం. ఇంటాయన ఇల్లు అమ్మేస్తున్నాడు. సెలవులు అయ్యేలోపు ఖాళీ చేయాలి. గాల్వేలో ఇంకొకటి దొరకలేదు. గ్రాన్యా రాత్రుళ్లు నిద్రపోవడం మానేసింది. మీతో చెప్పొద్దంది."

"ఫింటన్," అంది గ్రాన్యా.

"చెప్పకుండా ఎన్నాళ్లు? మా ఊళ్లో అయితే..."

"మీ ఊరు కాదిది."

మాలకీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో జామ్ సీసా లేదు, ఏమీ లేదు. "నాతో ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నువ్వెందుకు అడగలేదు?"

"అడిగాను."

"ఒక్కసారి అడిగావు నాన్నా," అంది గ్రాన్యా పళ్లేలు గుండెకి అదుముకుని. "ఒకే ఒక్కసారి. కరెంటు మీటరు చూసుకోవడానికొచ్చినవాణ్ని కూడా నువ్వు టీ తాగమని మూడుసార్లు అడుగుతావు. గొర్రెలు కొనడానికొచ్చి గొర్రె కొననివాణ్ని అడుగుతావు. నన్ను ఒక్కసారి అడిగి వదిలేశావు. ఒక్కసారి అడిగితే దానర్థం ఏమిటో ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి తెలుసు. నీకివ్వడం ఇష్టం లేదనుకున్నాను. ఇష్టం లేనిది ఎలా అడగను?"

మాలకీ ఏదో అనబోయాడు. కీ తిరిగింది గానీ ముల్లు కదల్లేదు. గోడకున్న టోపీ తీసుకుని, వానలోకి నడిచి వెళ్లిపోయాడు.

"అదిగో," అంది డింఫ్నా. "మాట రావాల్సినప్పుడు మనిషి పోతాడు." ఇన్నాళ్లూ అలా పోయినవాణ్ని పోనిచ్చింది. ఈసారి పోనివ్వలేదు. కోటు కోసం ఆగకుండా బయటికి నడిచింది. గ్రాన్యా పళ్లేలు భర్త చేతిలో పెట్టి వెనకాలే పరుగెత్తింది. 

మాలకీ బావి చేలో, తడిసిన గడ్డిలో, వాళ్లకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ముగ్గురి మీదా తుంపర సమానంగా కురిసింది. మాలకీ బావితో చెబుతున్నట్టు మాట్లాడాడు.

"డొనెగాల్‌లో పడవలు కట్టేచోట నాకు పని నేర్పిస్తామన్నారు. పద్దెనిమిదేళ్లవాణ్ని. పెట్టె సర్దుకున్నాను."

డింఫ్నా తల ఎత్తింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"బయలుదేరే ముందు మా నాన్న అడిగాడు. పొలం చూసుకుంటావా అని. వద్దన్నాను. మళ్లీ అడిగాడు. వద్దన్నాను. నిజంగానే వద్దని. మూడోసారి అడిగేటప్పుడు మా అమ్మ ఆయన వెనక టీకుండ పట్టుకుని నిలబడింది. మూడోసారి వద్దనడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. సరే అన్నాను. పెట్టె విప్పేశాను. మంచి పొలమే. మంచి బతుకే. డింఫ్నా దొరికింది, నువ్వు పుట్టావు. కానీ అది నేను కోరుకున్నది కాదు తల్లీ. నన్ను అడిగి అడిగి ఇచ్చింది."

గ్రాన్యా ఒక అడుగు దగ్గరికి వేసింది.

"నువ్వు పుట్టినప్పుడు అనుకున్నాను. నా బిడ్డని ఏదైనా ఒక్కసారే అడగాలి. వద్దంటే వద్దనే అనుకోవాలి. అది ఎటు పోవాలంటే అటు పోవాలి. అందుకే..." టోపీ కిందికి లాక్కున్నాడు. "ఒక్కసారి అడిగింది ఇవ్వడం ఇష్టం లేక కాదు."

డింఫ్నా చేతిలోని టీకుండ బరువెక్కింది. బల్ల అడుగున ఒకదాని మీద ఒకటి వంపు తిరిగిన చెక్కలు గుర్తొచ్చాయి. పడవ అడుగు అది. ఏళ్ల తరబడి ఆ బల్ల కింద ఊడ్చింది, తుడిచింది, తల తగిలించుకుంది. ఇదెందుకిలా చేశావని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది. ఊరికే అన్నాడు. రెండోసారి తను అడగలేదు. ఏడేళ్లుగా మొగుడి మీదా కూతురి మీదా వేసిన కేకలన్నీ తిరిగొచ్చి ఆమె గొంతులోనే కూర్చున్నాయి.

గేటు దగ్గర ఎవరో దగ్గారు. ప్యాకీ. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. వినకుండా ఉండే మర్యాద వాన దాకా వచ్చి చచ్చిపోయింది. "మాలకీ, నా వెనక పొలం తుంగ పట్టి పాడుపడి ఉంది. మొక్కలు అక్కడ పెట్టుకుంటాను. ఇది నువ్వే ఉంచుకో."

"అబ్బే, మాట మాటే ప్యాకీ. చేతులు కలుపు..."

"మాలకీ," అంది డింఫ్నా. అంతకు మించి ఒక్క ముక్క కూడా అనలేదు.

మాలకీ భార్యని చూశాడు. ఆమె చేతిలో టీకుండని చూశాడు. "సరే, ప్యాకీ. సంతోషం," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మొదటిసారికే సరే అన్నాడు. ప్యాకీ బిత్తరపోయి, రెండోసారి అడగడానికి తెరిచిన నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

మాలకీ కూతురివైపు తిరిగాడు. టోపీ తీశాడు. వాన నెత్తిమీద నేరుగా పడింది.

"గ్రాన్యా, ఈ చేను... నీకు ఇష్టమైతే..."

"వద్దులే నాన్నా, పశువులకి ఉంచుకో," అనేసింది గ్రాన్యా. అనేశాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అలవాటు నోట్లోంచి దూకి గట్టు దాటిపోయింది.

మాలకీ మెల్లిగా తల ఊపాడు. టోపీ మళ్లీ పెట్టుకోబోయాడు.

డింఫ్నా ఒంట్లో ప్రతి ఎముకా అరవమంది. ఇద్దరి బుర్రలూ టీకుండతో కొట్టమంది. పళ్లు బిగించి నిలబడింది. ఈ మాట తను మోస్తే మళ్లీ ఖాళీదే చేరుతుంది. వాళ్లే మోసుకోవాలి.

గ్రాన్యా తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు సంతలో తప్పిపోతానని పట్టుకున్నట్టు.

"ఇంకోసారి అడుగు నాన్నా."

"అడిగితే బలవంతం చేసినట్టు కాదా?"

"కాదు. అడిగినట్టు. ఇంకోసారి అడిగితేనే అడిగినట్టు."

మాలకీ గొంతు సవరించుకున్నాడు. "ఈ చేలో ఇల్లు కట్టుకుంటావా తల్లీ?"

"కట్టుకుంటాను," అంది గ్రాన్యా, ఏడుస్తూ. "ఇక్కడ. సరిగ్గా ఇక్కడే కిటికీ."

"తెలుసు," అన్నాడు మాలకీ. "అందుకేగా ఇక్కడ ఎవర్నీ తొక్కనివ్వలేదు."

తడిసి ముద్దై ముగ్గురూ ఇంటికొచ్చేసరికి పెద్దగది ఖాళీ. జనమంతా వంటింట్లో గిన్నెలు తోముతున్నారు. ఫింటన్ ముంజేతుల దాకా సబ్బు నురగ. ఫాదర్ లోఫ్టస్ బల్ల చివర కూర్చుని, పింగాణీ కప్పులో చల్లటి పాలు తాగుతూ పట్టుబడ్డాడు.

"మూడోసారి అడుగుతావేమోనని చూశానమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఈలోగా టీకుండ చేలోకి వెళ్లిపోయింది."

"తప్పు నాదే ఫాదర్," అంటూ డింఫ్నా పొయ్యి వైపు కదిలింది.

మాలకీ అడ్డం వచ్చాడు. ఆమె చేతిలోంచి టీకుండ తీసుకున్నాడు. చల్లారినది పారబోసి, కొత్తగా ఆకు వేసి, మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టాడు. ఫాదర్ కప్పు అడక్కుండానే నింపి, తర్వాత బల్ల దగ్గర కుర్చీ ఒకటి లాగాడు.

"కూర్చో డింఫ్నా. టీ పొయ్యనా?"

"వద్దులే, ఇవన్నీ ఎవరు సర్దుతారు."

"సగం కప్పు?"

"నా కోసం శ్రమపడకు మాలకీ."

వంటింట్లో ఎవరూ మాట్లాడలేదు, వాన గురించి కూడా. మాలకీ టీకుండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. డింఫ్నా కూర్చుంది. ఒడిలో పెట్టుకోబోయిన చేతులు బల్ల అడుగున వంపు తిరిగిన చెక్కలకి తగిలి, అక్కడే ఆగిపోయాయి. ఒక్కో చెక్కనీ వేలితో తడిమింది.

"డింఫ్నా," అన్నాడు మాలకీ, "టీ తాగుతావా?"

"ఒక్క చుక్క," అంది.

ఒక్క చుక్కే అంది గానీ, కప్పూ నిండింది, కళ్లూ నిండాయి.